గోదావరి స్టేషన్‌లో బండి ఆగిన రోజులు: అధికారులకు ఒక బహిరంగ లేఖ

రాజమహేంద్రవరంలో పుష్కరాల పనులు, హేవలాక్ బ్రిడ్జి పనులు చూస్తున్న రైల్వే అధికారులకు, పర్యాటక శాఖ అధికారులకు నమస్కారం.

నేను గోదావరి స్టేషన్‌కి రెండు వీధుల అవతల పుట్టి పెరిగినదాన్ని. బడిలో తెలుగు టీచరుగా చేసి రిటైరయ్యాను. మా నాన్న రైల్వేలో కీమన్, అంటే పట్టాల వెంట నడుస్తూ కీలు, బోల్టులు చూసి బిగించే మనిషి. పాత బ్రిడ్జి మీదే ఆయన డ్యూటీ. మీరు హేవలాక్ వంతెన అని రాసుకునేదాన్ని మా వీధిలో ఎవరూ ఆ పేరుతో పిలవలేదు. రోడ్డు కం రైలు బ్రిడ్జి వచ్చాక ఇది పాత బ్రిడ్జి అయింది. అంతకుముందు వట్టి బ్రిడ్జి. ఆ ఒక్క మాట చాలేది.

2025 జూన్‌లో అఖండ గోదావరి అనే పర్యాటక ప్రాజెక్టుకి శంకుస్థాపన జరిగింది. అందులో పాత బ్రిడ్జిని కూడా చేర్చారని పేపర్లో చదివి ఎంతో సంతోషించాను. 1997లో ఆఖరి బండి వెళ్ళిపోయిన దగ్గర్నుంచి ఆ ఇనుము తుప్పు పడుతుంటే రోజూ చూస్తూ బతికినవాళ్ళం మేము. అయితే సంతోషంతో పాటు టెన్షన్ కూడా పట్టుకుంది. 2027 పుష్కరాలు తరుముకొస్తున్నాయి. తొందరలో పని జరిగినప్పుడు ముందుగా పోయేవి చిన్న వస్తువులు, ఆ తర్వాత పోయేవి మాటలు. అందుకే ఈ ఉత్తరం.

నేను అడిగేది ఒకటే. రంగులు వేసేలోపు, లైట్లు బిగించేలోపు, ఈ స్టేషన్‌లోనూ ఈ బ్రిడ్జి మీదా పనిచేసిన ముసలివాళ్ళని కూర్చోబెట్టి మాట్లాడించండి. ఇక్కడ బుట్టలు మోసినవాళ్ళనీ, రేవులో ఉండేవాళ్ళనీ, రోజూ అవతలి ఒడ్డున ఉన్న కొవ్వూరు నుంచి వచ్చి వెళ్ళినవాళ్ళనీ పిలవండి. వాళ్ళు చెప్పింది రికార్డు చేసి, గోదావరి స్టేషన్‌లోనే జనం వినేటట్టు, చదివేటట్టు పెట్టండి.

ఎందుకంటే మా నాన్న 2009లో పోయాడు. ఆయన చెప్పిన కబుర్లు నేను ఒక్కటీ కాగితం మీద పెట్టలేదు. పిల్లలకి అరవై వ్యాసాలు దిద్దిన రోజులున్నాయి గానీ, ఇంట్లో మంచం మీద కూర్చున్న మనిషి చెప్పింది రాసుకోవాలని తోచలేదు. ఇప్పుడు నాకు గుర్తున్నది సగం. ఆ సగమైనా మీ ముందు పెడతాను.

మొదట బళ్ళు ఆగడం గురించి చెప్పాలి. పాత బ్రిడ్జి మీద ఒకటే లైను. అటు కొవ్వూరు నుంచి బండి బయల్దేరిందంటే అది దాటి వచ్చేదాకా ఇటు బండి గోదావరిలో ఆగాల్సిందే. 1974లో రెండో బ్రిడ్జి, ఆ రోడ్డు కం రైలు బ్రిడ్జి, వచ్చేవరకూ అంతే. ఆ ఆగడమే ఈ స్టేషన్‌కి ప్రాణం పోసింది. పక్కనే రాజమండ్రి పెద్ద స్టేషన్ ఉండగా ఇంత చిన్న స్టేషన్‌కి ఇంత జనమేమిటని కొత్తవాళ్ళు అడిగేవాళ్ళు. ఆగిన బండిలో వందల మంది ఉంటారు. వాళ్ళకి దాహం వేస్తుంది, పిల్లలు ఏడుస్తారు, ఎదురుగా గోదావరి కనిపిస్తుంటుంది. ఎండాకాలం తాటి ముంజలు, జామకాయలు, పనస తొనలు, మజ్జిగ, చేమంతి దండలు, కడియం నుంచి పొద్దున్నే వచ్చిన మల్లెపూల బుట్టలు. కిటికీ చువ్వల్లోంచి చెయ్యి బయటికి రావడం, అందులో చిల్లర, తిరిగి లోపలికి వెళ్ళేటప్పుడు అరిటాకు పొట్లం. ఇది మా సాయంకాలం సినిమా.

మా వీధిలో ఒకావిడ ఆ ముంజల బుట్టతోనే ముగ్గురు ఆడపిల్లల పెళ్ళిళ్ళు చేసింది. బండి ఎంతసేపు ఆగుతుందో ఆవిడకి స్టేషన్ మాస్టరుగారి కంటే ముందు తెలిసేది. అవతల సిగ్నల్ రెక్క ఎప్పుడు వాలుతుందో, టోకెన్ పట్టుకుని పాయింట్స్‌మన్ ఎటు నడుస్తున్నాడో చూసి బుట్ట సర్దుకునేది. బెత్తం చక్రానికి తోలు సంచి కట్టి, అందులో టోకెన్ పెట్టి డ్రైవరుకి అందించేవారు. అది చేతికి అందితేనే బండి బ్రిడ్జి ఎక్కాలి. పిల్లలం దాన్ని ముట్టుకోవాలని ఆశపడేవాళ్ళం. ఒకసారి ఒక పాయింట్స్‌మన్ బాబాయి నా మెడలో వేసి తీశాడు. బరువుకి మెడ వంగిపోయింది. తోలు వాసన, నూనె వాసన, పొగ వాసన కలిసి ఉంది దానికి.

ఇక బ్రిడ్జి. పుస్తకాల్లో ఉన్నది మీకు తెలిసే ఉంటుంది. 1897లో పని మొదలైంది, 1900లో బళ్ళు నడిచాయి. స్తంభానికీ స్తంభానికీ మధ్య ఉండే కానాలు 56, ఒక్కొక్కటి 150 అడుగులు. రెండున్నర కిలోమీటర్లు దాటిన పొడవు. ఇంజనీరు గ్రాన్‌విల్ వాల్టన్. అప్పటి మద్రాసు గవర్నరు హేవలాక్ పేరు పెట్టారు. అంతకుముందు అటు బెజవాడ వైపు బండి కొవ్వూరులో ఆగిపోతే, ఇటు వాల్తేరు వైపు బండి రాజమండ్రిలో మొదలయ్యేది. మధ్యలో గోదావరిని పడవ మీద దాటాల్సిందే. ఆ దాటడం ఎలా ఉండేదో మా మామ్మ వాళ్ళ అత్తగారు చెప్పేదట. వరద రోజుల్లో కొవ్వూరు రేవులో రెండు మూడు రోజులు కూర్చునేవారట, అక్కడే రాళ్ళపొయ్యి మీద అన్నం వండుకునేవారట. కొత్త బ్రిడ్జి మీద మొదటిసారి బండి ఎక్కినప్పుడు ఆవిడ దారి పొడుగునా కళ్ళు మూసుకుని దణ్ణం పెడుతూనే ఉందట. నాకు తెలిసిన ఈ ఒక్క కబురూ మూడు తరాలు నోటి మీదే నడిచి వచ్చింది. నా తర్వాత దీన్ని ఎవరు చెబుతారు?

మా నాన్న రోజూ పొద్దున్నే కీ సుత్తి, పానా, రెండు జెండాలు పట్టుకుని బ్రిడ్జి ఎక్కేవాడు. నడుస్తూ ఒక్కో బోల్టు చూడాలి, వదులైన కీలు బిగించాలి. మధ్యాహ్నం క్యారేజీ నేను పట్టుకెళ్ళేదాన్ని. బ్రిడ్జి మొదట్లో నిలబడితే ఆయనే వచ్చి తీసుకునేవాడు. నాకు తొమ్మిదో ఏడు వచ్చినప్పుడు ఒకరోజు, అడిగి అడిగి ప్రాణం తీస్తే, మొదటి స్తంభం దాకా చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాడు. స్లీపర్ల మధ్యలోంచి కింద నీళ్ళు కనిపించాయి. దూరం నుంచి నీలంగా కనిపించే గోదావరి పైనుంచి చూస్తే మట్టిరంగులో, సుడులు తిరుగుతూ, ఎటో పోతున్నట్టు ఉంది. నీళ్ళు కదులుతున్నాయో బ్రిడ్జి కదులుతోందో తెలియలేదు. కాళ్ళు వణికాయి.

నాన్న నన్ను కూర్చోబెట్టి, నా అరచెయ్యి తీసి పట్టా మీద ఆనించాడు. ఎండకి కాలిపోతోంది. "కాసేపు అలాగే ఉంచు" అన్నాడు. కొంచెం సేపటికి చేతిలో సన్నగా జలదరింపు. చప్పుడు లేదు, బండి కనపడటం లేదు. "కొవ్వూరులో ఎక్కింది" అన్నాడు నాన్న. స్తంభం దగ్గర పక్కకి నిలబడటానికి కట్టిన చిన్న చోటులోకి తీసుకెళ్ళి, తన ఒంటికి ఆనించి పట్టుకున్నాడు. బండి మా పక్కనుంచి వెళ్ళినప్పుడు నేను చూసింది బండిని కాదు, నాన్న చొక్కా గుండీని. ఆ గుండీ రంగు ఇప్పటికీ చెప్పగలను. తర్వాత సుత్తితో ఒక బోల్టు మీద కొట్టి చూపించాడు. గట్టిగా ఉన్నది 'టంగ్' మంటుంది, వదులైంది 'టప్' మంటుంది. రెండున్నర కిలోమీటర్లు వెళ్ళి, రెండున్నర కిలోమీటర్లు తిరిగొచ్చి, రోజంతా ఆయన విన్నది ఈ రెండు చప్పుళ్ళే.

బ్రిడ్జి గురించి ఏ బోర్డు పెట్టినా అందులో గవర్నరు ఉంటాడు, ఇంజనీరు ఉంటాడు. ఉండాల్సిందే, వాళ్ళు చేసింది గొప్ప పని. కానీ ఆ ఇనుము 97 ఏళ్ళు నిలబడింది అంటే కట్టినవాళ్ళ వల్ల మాత్రమే కాదు. ప్రతిరోజూ దాని మీద నడిచి, దాని చప్పుడు విన్నవాళ్ళ వల్ల. వాళ్ళ పేరు ఒక్క రాయి మీదైనా నేను ఇంతవరకూ చూడలేదు.

1986 ఆగస్టు వరద మీకు గుర్తుండే ఉంటుంది. భద్రాచలం దగ్గర 75.6 అడుగులు వచ్చిన వరద అది. ఆ రెండు రోజులు మా నాన్న ఇంటికి రాలేదు. అమ్మ లాంతరు పట్టుకుని గట్టు మీద నిలబడితే పోలీసులు వెనక్కి పంపేశారు. మూడో రోజు వచ్చి, ఏమీ మాట్లాడకుండా అన్నం తిని పడుకున్నాడు. పదేళ్ళ తర్వాత ఎప్పుడో చెప్పాడు, ఆ రాత్రి స్తంభాలకి చెట్లు, దూలాలు, పశువుల కళేబరాలు వచ్చి గుద్దుకుంటుంటే ఒక్కో దెబ్బకీ కాళ్ళ కింద బ్రిడ్జి మూలిగిందని. "మూలిగింది" అనే అన్నాడు. నేను ఇన్నేళ్ళు తెలుగు పాఠాలు చెప్పాను గానీ దానికి ఇంతకంటే సరైన మాట నాకు దొరకలేదు.

ఇంకొక సంగతి ఉంది. దీన్ని ఏ అధికారీ ఫైల్లో రాయడు కాబట్టి నేను రాస్తున్నాను. ఈ స్టేషన్‌లో దిగేవాళ్ళందరూ సంతోషంగా దిగేవాళ్ళు కాదు. అస్థికలు కలపడానికి వచ్చేవాళ్ళు ఇక్కడే దిగేవాళ్ళు, రేవు దగ్గర కాబట్టి. తెల్లగుడ్డ కట్టిన చిన్న మట్టికుండ ఒడిలో పెట్టుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా కూర్చుని వచ్చేవాళ్ళు. హైదరాబాదు నుంచి, ఒరిస్సా నుంచి, అటు ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో తరాలుగా స్థిరపడిన మన తెలుగువాళ్ళు కూడా. ఇంట్లో బెంగాలీ, హిందీ కలిసిన తెలుగు మాట్లాడుకుంటూ, తాత చెప్పిన ఊరి పేరు తప్ప ఏమీ తెలియకుండా వచ్చేవాళ్ళు.

ఒకసారి అలా పద్దెనిమిదేళ్ళ కుర్రాడు ఒక్కడే దిగాడు. సాయంత్రం అయింది. ఎటు వెళ్ళాలో తెలియక ప్లాట్‌ఫారం చివర కుండ పట్టుకుని నిలబడ్డాడు. కింద పెట్టకూడదని ఎవరో చెప్పారట, అందుకని కింద పెట్టడు, కూర్చోడు. ముంజలావిడ చూసి, బుట్ట నాకు అప్పగించి, ఆ అబ్బాయిని రేవుకి తీసుకెళ్ళింది. బ్రాహ్మణ్ణి పిలిపించి, పొద్దున్న కార్యం అయ్యేదాకా తన ఇంటి అరుగు మీదే పడుకోబెట్టింది. ఏమీ తీసుకోలేదు. మర్నాడు బండి ఎక్కేటప్పుడు ఆ అబ్బాయి ఆవిడ కాళ్ళకి దణ్ణం పెట్టి, "అమ్మా, మీ పేరు?" అని అడిగాడు. బండి కదిలింది. ఆవిడ ఏదో చెప్పింది, ఆ చప్పుడులో వాడికి వినపడి ఉండదు. ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది.

పుష్కరాల సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. 1979, 1991, 2003, 2015 నాలుగూ చూశాను. 79లో జనం మరచెంబులు పట్టుకుని దిగడం, తిరిగి వెళ్ళేటప్పుడు అందరి చేతుల్లో అవే మరచెంబులు నిండుగా ఉండటం కళ్ళకి కట్టినట్టుంది. అమ్మ వీధి అరుగు మీద నీళ్ళ కుండలు పెట్టి పన్నెండు రోజులూ నింపుతూనే ఉంది. 2015 జులై 14న, మొదటిరోజు పొద్దున్న, మా ఇంటికి ఇంత దగ్గరలో తొక్కిసలాటలో 27 మంది చనిపోయారు. ఆ ఉదయం గురించి ఇంకేమీ రాయలేను. ఒక్కటే అడుగుతున్నాను. ఈసారి జనాన్ని నడిపించే దారులు గీసేటప్పుడు ఈ వీధుల్లో ఉండే పాతవాళ్ళని కూడా పిలిచి అడగండి. ఏ సందు ఎక్కడ ఇరుకవుతుందో, బండి దిగిన జనం మొదట ఎటు తిరుగుతారో, వాళ్ళ కాళ్ళకి తెలుసు.

కొన్నేళ్ళ కిందట ఒక పాత స్టేషన్ గంట గురించి ఒక ఆఫీసుకి వెళ్ళాను. వేలాడదీసిన రైలుపట్టా ముక్క అది, బండి వస్తోందంటే ఇనుప కమ్మీతో కొట్టేవాళ్ళు. దాన్ని మోగించిన మనిషి మా పక్కింట్లో ఇంకా బతికి ఉన్నాడు, ఆయనకి ఒకసారి చూపిద్దామని. తుక్కు వేలంలో పోయిందన్నారు. ఎన్ని కిలోలకి పోయిందో కూడా రిజిస్టరులో చూసి చెప్పారు. ఇంటికొచ్చి ఆయనకి ఏం చెప్పాలో తెలియక, ఆఫీసు మూసేసి ఉందని అబద్ధం చెప్పాను. ఆయన పోయేవరకూ ఆ అబద్ధం అలాగే ఉండిపోయింది.

అందుకని ఈ పనుల్లో దొరికే పాత దీపాలు, బోర్డులు, టికెట్ మీద తేదీ కొట్టే మిషన్లు, జెండా కర్రలు, సిగ్నల్ రెక్కలు, ఏవైనా సరే, తుక్కు కింద లెక్క కట్టకండి. పాత బ్రిడ్జి మీద జనం నడవడానికి దారి వేస్తే వేయండి, ఎంతో సంతోషం. కానీ ఒక్క కానా, 56లో ఒక్కటి, పట్టాలు స్లీపర్లతో ఉన్నదున్నట్టు ఉంచండి. కింద నీళ్ళు కనపడాలి. స్తంభం దగ్గర కీమన్ నిలబడే ఆ చిన్న చోటు కనపడాలి. అందులో ఒక మనిషి నిలబడితే బండి ఎంత దగ్గరగా వెళ్ళేదో పిల్లలకి అర్థం కావాలి. లైట్లు పెడతారని విన్నాను, పెట్టండి. కానీ రాత్రి ఒక గంటైనా అవి ఆర్పండి. చీకట్లో, కింద నీళ్ళ చప్పుడుతో ఆ బ్రిడ్జి ఎలా ఉండేదో తెలియాలంటే అదొక్కటే దారి.

గోదావరి స్టేషన్‌లో ఒక గది చాలు. పెద్ద మ్యూజియం అక్కర్లేదు. ఒక బల్ల, నాలుగు కుర్చీలు, మాటలు వినిపించే ఒక మిషన్, గోడ మీద పేర్లు. గ్యాంగ్‌మన్లు, కీమన్లు, పాయింట్స్‌మన్లు, గేట్‌మన్లు, కూలీలు, స్టేషన్ మాస్టర్లు, రైల్వే పాత సర్వీసు రికార్డుల్లో దొరికినన్ని పేర్లు. ముంజలావిడ పేరు ఏ రికార్డులోనూ ఉండదు, అది నేను చెబుతాను. అవతలి ఒడ్డు కొవ్వూరుని మర్చిపోకండి. బ్రిడ్జికి రెండు కొసలూ ఉన్నాయి, అటువైపు కూడా ఇలాంటి ముసలివాళ్ళు ఉన్నారు. మా మేనత్త కొవ్వూరులోనే ఉంటుంది, తొంభై దాటింది. రోజూ ఈ బండి మీద వచ్చి రాజమండ్రిలో పాలు పోసి వెళ్ళేది. ఇప్పటికీ స్పష్టంగా మాట్లాడుతుంది. కానీ సాయంత్రాలు అలిసిపోతుంది, పొద్దున పూట రావాలి.

రికార్డు చేయడానికి మనుషులు లేరంటే మేము చేస్తాం. నా దగ్గర చదువుకున్న పిల్లలు పదిమంది ఇప్పుడు ఈ ఊళ్ళోనే ఉద్యోగాలు చేస్తున్నారు, ఫోనులోనే రికార్డు చేస్తామన్నారు. మీరు ఇవ్వాల్సింది అనుమతి కాగితం, స్టేషన్‌లో ఆ గది, పాత ఉద్యోగుల పెన్షన్ జాబితా చూసి వాళ్ళకి కబురు పెట్టే ఒక గుమస్తా. మాకు డబ్బు వద్దు.

మా ఇంట్లో నాన్న కీ సుత్తి ఉంది. రిటైరైన రోజున ఎవరో ఆయనకే ఇచ్చేశారు, పిడి అరిగి ఆయన వేళ్ళ గుర్తులు పడి ఉన్నాయి. అమ్మ మరచెంబు ఉంది. కొవ్వూరు నుంచి గోదావరికి ఒక అట్ట టికెట్ ఉంది, తేదీ సరిగ్గా కనపడటం లేదు గానీ పంచ్ చేసిన గుర్తు ఉంది. ఈ మూడూ ఆ గదికి ఇస్తాను. ఎవరి చేతికి ఇవ్వాలో, ఏ రోజు రావాలో చెప్పండి.

ఇట్లు,
గోదావరి స్టేషన్ పక్క వీధిలో ఉంటున్న ఒక కీమన్ కూతురు